మీర్ లాయక్ అలీ

మీర్ లాయక్ అలీ (1903 - 1971) హైదరాబాదు సంస్థానానికి చివరి ప్రధానమంత్రి. చదువురీత్యా ఇంజనీరు, వృత్తిరీత్యా పారిశ్రామికవేత్త. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కార్యనిర్వాహక మండలికి 1947 చివరి నుండి 1948 సెప్టెంబరు 17 వరకు అధ్యక్షుడిగా వ్యవహరించాడు. ఆ పదవిని సదర్-ఇ-ఆజం అని పిలిచేవారు. మంత్రిపదవుల మెట్లు ఒక్కటీ ఎక్కకుండానే, వ్యాపారరంగం నుండి నేరుగా ప్రభుత్వాధినేత అయిన వ్యక్తి ఇతడు.

పారిశ్రామిక జీవితం

లాయక్ అలీ హైదరాబాదులో జన్మించాడు. ఇంజనీరింగు చదివి, నిర్మాణరంగంలో ప్రవేశించి, హైదరాబాద్ కన్‌స్ట్రక్షన్ కంపెనీ ద్వారా మంచి పేరూ ధనమూ సంపాదించాడు. సంస్థానంలో ఆధునిక పరిశ్రమలు వేళ్ళూనుకొంటున్న కాలమది. ప్రభుత్వం 1929లో పారిశ్రామిక ట్రస్టు నిధిని నెలకొల్పి, దాని ద్వారా కొత్త కర్మాగారాలలో వాటాలు కొనేది. పెట్టుబడిలో పెద్దభాగం ప్రభుత్వానిదైనా, రోజువారీ నిర్వహణ మాత్రం మేనేజింగ్ ఏజెంట్లనబడే ప్రైవేటు సంస్థల చేతిలో ఉండేది. వరంగల్లులో ఆజంజాహీ మిల్లు (1934), బోధనులో నిజాం చక్కెర కర్మాగారం (1937), సనత్‌నగర్‌లో ఆల్విన్ (1942) వంటివి ఆ దశాబ్దాలలో వెలసినవే. ఆదిలాబాదు అడవుల వెదురును ఆధారం చేసుకొని 1938లో స్థాపించిన సిర్పూర్ కాగితపు మిల్లు నిర్వహణలో లాయక్ అలీ సంస్థది ముఖ్యపాత్ర. ఆ మిల్లు కారణంగానే కొత్తపేట అనే చిన్న గ్రామం కాగజ్‌నగర్‌గా మారింది.

ఈ విధానంలో ప్రభుత్వానికీ వ్యాపారికీ మధ్య గీత చాలా పలుచన. నిజాం ఆంతరంగికులకు లాయక్ అలీ అప్పటికే సుపరిచితుడు కావడానికి అదే కారణం. రాజకీయానుభవం మాత్రం స్వల్పం. 1947లో ఐక్యరాజ్యసమితికి వెళ్ళిన పాకిస్తాన్ ప్రతినిధివర్గంలో సభ్యుడిగా ఉండడమే అంతవరకు అతని చెప్పుకోదగ్గ రాజకీయ బాధ్యత.

ప్రధానమంత్రి పదవి

బ్రిటిషు పాలన ముగియనుండగా, ఏ దేశంలోనూ చేరబోనని 1947 జూన్ 11న నిజాం ఫర్మానా జారీచేశాడు. 82 వేల చదరపు మైళ్ళ విస్తీర్ణం, కోటీ అరవై లక్షలకు పైగా జనాభా, అందులో అత్యధికులు హిందువులు, నాలుగు వైపులా భారత భూభాగం. ఈ స్థితిలో స్వతంత్రంగా మనగలగడం ఎట్లాగన్నది అసలు ప్రశ్న. భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందానికి నాటి ప్రధాని ఛతారీ నవాబు ముసాయిదా సిద్ధంచేయగా, కాసిం రజ్వీ నాయకత్వంలోని ఇత్తెహాదుల్ ముస్లిమీన్ అనుచరులు అక్టోబరు 27 తెల్లవారుజామున అతని ఇంటిని చుట్టుముట్టారు. ఛతారీ రాజీనామా చేశాడు. ఆ ఖాళీలోకే లాయక్ అలీని పిలిచారు. పాకిస్తాన్ తరఫున పనిచేస్తున్నందున జిన్నా సమ్మతి తీసుకొన్నాకే అతడు అంగీకరించాడు. పింగళి వెంకట్రామారెడ్డి ఉపప్రధాని అయ్యాడు. లాయక్ అలీకి బావమరిది వరుసైన మొయిన్ నవాజ్ జంగ్ మండలిలో కీలక సభ్యుడు.

యథాతథ ఒప్పందం మీద 1947 నవంబరు 29న సంతకాలయ్యాయి. దాని గడువు ఒక సంవత్సరం. అయితే కొద్ది వారాలలోనే వివాదాలు మొదలయ్యాయి. సంస్థానం నుండి విలువైన లోహాల ఎగుమతిని నిషేధించడం, భారత నాణెం చెల్లుబాటును రద్దుచేయడం, పాకిస్తాన్‌కు 20 కోట్ల రూపాయల విలువగల భారత ప్రభుత్వ పత్రాలను అప్పుగా ఇవ్వడం ఒప్పందానికి విరుద్ధమని ఢిల్లీ ఆక్షేపించింది. అవసర సరుకులు రానీయక దిగ్బంధం చేస్తున్నారని హైదరాబాదు ఎదురు ఫిర్యాదు చేసింది. లాయక్ అలీ పలుమార్లు ఢిల్లీ వెళ్ళి మౌంట్‌బాటెన్‌తోనూ, భారత నాయకులతోనూ చర్చలు జరిపాడు. బేరమాడి గడువు సంపాదించుకోవడం వ్యాపారంలో పనికివచ్చే నేర్పు. ఇక్కడ గడిచే ప్రతి నెలా అతని పక్షాన్నే బలహీనపరచింది. 1948 జూన్‌లో దాదాపు ఖరారైన ముసాయిదాను నిజాం తిరస్కరించాడు. ఆ నెల 21న మౌంట్‌బాటెన్ దేశం విడిచాక రాజీకి దారి మూసుకుపోయింది. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు కరాచీ నుండి రాత్రివేళల్లో విమానాలలో ఆయుధాలు చేరవేసినది ఆ నెలలలోనే.

లాయక్ అలీ పాలనపై మాయని మచ్చ రజాకార్లు. వారిని అదుపుచేయడం అతనికి చేతకాలేదా, ఇష్టంలేదా అన్నదానిపై చరిత్రకారులలో ఏకాభిప్రాయం లేదు. కానీ ఫలితంలో తేడా లేదు. రజాకార్ల దౌర్జన్యాలకు నిరసనగా మండలి సభ్యుడు జె.వి.జోషి రాజీనామా చేశాడు. 1948 ఆగస్టులో ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్ నగరంలోనే హత్యకు గురయ్యాడు. అదే నెల 27న ప్రస్తుత సిద్ధిపేట జిల్లాలోని బైరాన్‌పల్లిలో గ్రామస్థులను ఊచకోత కోశారు. మరోవైపు ఆ ఏడాది మేలో ఈ ప్రభుత్వమే కమ్యూనిస్టు పార్టీపై నిషేధాన్ని ఎత్తివేయడం విచిత్రం.

పతనం

1948 ఆగస్టు 21న హైదరాబాదు ప్రభుత్వం భద్రతామండలికి ఫిర్యాదు పంపింది. సెప్టెంబరు 11న జిన్నా మరణించాడు. 13న భారత సైన్యం సంస్థానంలో ప్రవేశించింది. ఫిర్యాదును 16న పారిస్‌లో చర్చకు స్వీకరించేనాటికి ఇక్కడ యుద్ధం తుదిదశకు వచ్చింది. మరునాడు లాయక్ అలీ మంత్రివర్గం రాజీనామా సమర్పించింది. 18న సేనాధిపతి ఎల్ ఎద్రూస్, మేజర్ జనరల్ జె.ఎన్.చౌదరికి లొంగిపోయాడు. ఆ తరువాతి వారాలలో జరిగిన హింసను విచారించిన సుందర్‌లాల్ సంఘం, మృతుల సంఖ్యను 27 వేల నుండి 40 వేల దాకా అంచనా వేసింది.

గృహనిర్బంధం, అనంతర జీవితం

లాయక్ అలీని బేగంపేటలోని సొంత ఇంట్లోనే నిర్బంధించారు. కాపలా ఉండగానే 1950 మార్చిలో తప్పించుకొని, బొంబాయి మీదుగా విమానంలో కరాచీ చేరాడు. బురఖా ధరించి బయటపడ్డాడన్న కథ నగరంలో చాలాకాలం చెప్పుకొన్నారు. ఈ సంఘటన అప్పటి వెల్లోడి ప్రభుత్వాన్నీ, కేంద్రాన్నీ ఇరకాటంలో పెట్టింది. హైదరాబాదు పతనంపై తన కథనాన్ని అతడు 1962లో ఆంగ్లంలో పుస్తకంగా ప్రచురించాడు. అది పదవిలో ఉన్నవాడి సమర్థనే అయినా, ఢిల్లీ చర్చల లోపలి వివరాలకు వి.పి.మీనన్, కె.ఎం.మున్షీ రచనలతో పోల్చి చదవవలసిన గ్రంథం. 1971లో న్యూయార్కులో మరణించాడు.

సిర్పూర్ మిల్లు తరువాత బిర్లాల నిర్వహణలోకి వెళ్ళింది. 2014లో మూతపడి, 2018లో జె.కె. పేపర్ సంస్థ ఆధ్వర్యంలో తిరిగి తెరుచుకొంది. మంత్రివర్గం పతనమైన రోజులలోనే మొయిన్ నవాజ్ జంగ్ ప్రమేయంతో లండన్ బ్యాంకులోని పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాకు బదిలీ అయిన సుమారు పది లక్షల పౌండ్లపై వివాదం ఏడు దశాబ్దాలు సాగింది. 2019 అక్టోబరులో లండన్ హైకోర్టు, అప్పటికి సుమారు మూడున్నర కోట్ల పౌండ్లకు పెరిగిన ఆ సొమ్ము భారత ప్రభుత్వానికీ నిజాం వారసులకూ చెందుతుందని తీర్పు చెప్పింది.