ఒకే చీటీలో రెండు మాత్రలు.. రెండింటి వెనకా మన తెలుగోడే! ఎవరీ యల్లాప్రగడ సుబ్బారావు?

ఆదోని అయినా, ఎమ్మిగనూరు అయినా.. రుమటాయిడ్ కీళ్లవాతంతో బాధపడేవాళ్ల మందుల చీటీ ఒకసారి చూడండి. చాలామందికి మెథోట్రెక్సేట్, దాంతోపాటు ఫోలిక్ యాసిడ్ రాసి ఉంటాయి. ఒకటి అడ్డుకునే మందు, రెండోది ఆదుకునే విటమిన్. ఈ రెండింటి కథా ఒక్క మనిషి దగ్గరే కలుస్తుంది.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్ గట్టెక్కడానికే మూడుసార్లు రాయాల్సి వచ్చింది. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు ఎంబీబీఎస్ బదులు ఎల్‌ఎంఎస్‌తో సరిపెట్టారు. అన్నదమ్ములను స్ప్రూ అనే పేగుల జబ్బు బలి తీసుకుంది. ఆ జబ్బుకు మందు కనిపెట్టాలన్న పంతం ఆయన్ను అమెరికా దాకా తీసుకెళ్లింది.

హార్వర్డ్‌లో ఏళ్ల తరబడి పరిశోధన చేసి, 1940లో లెడర్లీ ల్యాబ్‌లో చేరారు. అక్కడ ఆయన సారథ్యంలోనే ఫోలిక్ యాసిడ్ తయారైంది. స్ప్రూ రోగులకూ అది పనికొచ్చింది.

అసలు మలుపు ఇక్కడే. బోస్టన్ డాక్టర్ సిడ్నీ ఫార్బర్ బ్లడ్ క్యాన్సర్ పిల్లలకు ఫోలిక్ యాసిడ్ రకం మందులిస్తే జబ్బు ఇంకా ముదిరింది. అంటే క్యాన్సర్ కణాలకు అదే మేత! మరి ఆ మేత ఆపేస్తే?

మన కణాల్లో డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. ఫోలిక్ యాసిడ్‌ను కణం వాడుకునేలా మార్చేది అదే. అది ఆగితే కొత్త డీఎన్‌ఏ తయారవదు, కణం విభజన జరగదు. లెడర్లీ నుంచి వెళ్లిన అమైనోప్టెరిన్ ఈ ఎంజైమ్‌నే పట్టేస్తుంది. ఫార్బర్ దాన్ని 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందిలో జబ్బు తగ్గుముఖం పట్టింది. అది తాత్కాలికమే అయినా, అప్పటిదాకా అదీ లేదు. ఆ ఫలితాలు 1948 జూన్‌లో బయటికొచ్చాయి. ఆగస్టులో న్యూయార్క్‌లో సుబ్బారావు కన్నుమూశారు. వయసు 53 ఏళ్లే. నోబెల్ రాలేదు.

అమైనోప్టెరిన్‌కు తమ్ముడి లాంటిదే నేటి మెథోట్రెక్సేట్.

ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లు వాడుతుంటే ఏ వారం, ఏ రోజు వేసుకోవాలో చీటీ మీద పెద్దక్షరాలతో రాసిపెట్టండి.