సామ్యూల్ జాన్సను పండితుని పుస్తకపఠనము

ఆంగ్లభాషకు గొప్ప నిఘంటువును సమకూర్చిన సామ్యూల్ జాన్సను పండితుడు ఇంగ్లండునందలి లిచ్‌ఫీల్డు పట్టణమున 1709వ సంవత్సరము సెప్టెంబరు 18వ తేదీన జన్మించెను. తండ్రి మైకేలు పుస్తకములు విక్రయించువాడు. పసితనముననే గండమాల సోకుటచే శిశువు శరీరమున మచ్చలు నిలిచెను. ఎడమకంటి చూపు ఇంచుమించుగా పోయెను. ఇట్టి మందదృష్టితోనే ఆ బాలుడు తండ్రి అంగడిలోని పుస్తకములపై బడెను.

అతడు క్రమముగా చదివినవాడు కాడు. తొమ్మిదేండ్ల ప్రాయమున వంటయింట కూర్చుండి హామ్లెట్టు నాటకము చదువుచుండగా, రాజు ప్రేతము కనబడు ఘట్టము రాగానే భయపడి, మనుష్యులను చూచుటకై వీధితలుపు కడకు పరుగెత్తెనట. మరియొకప్పుడు తమ్ముడు పెద్దపుస్తకము వెనుక ఆపిల్ పండ్లు దాచెనని తలచి పైయరకు నెక్కి వెదకెను. పండ్లు దొరకలేదు గాని పెట్రార్కు అను ఇటలీదేశపు కవి గ్రంథము చేత బడెను. పండ్ల మాట మరచి ఆ గ్రంథములో చాల భాగము చదివివేసెను.

పాఠశాల విడిచిన పిమ్మట రెండేండ్లు ఇంటనుండి చేతికందినదెల్ల చదివెను. ఒక పనియందు నిలుకడ లేదని తండ్రి మందలించుచుండెను. తండ్రుల కట్లే తోచుట సహజము. కాని 1728లో ఆక్సుఫర్డునందలి పెంబ్రోకు కళాశాలలో చేరినపుడు, ఇంత చదువుతో వచ్చిన విద్యార్థిని తాను చూడలేదని అచటి బోధకుడొకడు మెచ్చుకొనెను. పాపము, ద్రవ్యములేమిచే పదమూడు నెలలకే పట్టము పొందక ఇంటికి మరలవలసి వచ్చెను.

రోజునకిన్ని పుటలని నియమము పెట్టుకొని, అది సాగనప్పుడు తాము చదువుకు తగమని కుంగు విద్యార్థులు మనలో కలరు. వారు జాన్సను వాడుకను గమనింపవలెను. మనస్సు గోరిన పుస్తకమునే చదువవలెననియు, విధిగా చదివినది అంతగా ఒంటబట్టదనియు అతని మతము. మొదలుపెట్టిన ప్రతి పుస్తకమును తుదముట్ట చదువుట అతనికి అలవాటు లేదు. అయినను సోమరిగా పుటలు త్రిప్పువాడు కాడు. యువకులు దినమునకు అయిదుగంటలు చదువవలెనని చెప్పుచుండెడివాడు. ఉదయమున ఆలస్యముగా లేచు ఇతనిని రెండుగంటలు ముందుగా శయ్యనుండి లేపగలిగిన పుస్తకము బర్టను వ్రాసిన విషాదవిచారగ్రంథ మొక్కటియే. విలియము లా రచించిన భక్తిగ్రంథమును ఆక్సుఫర్డులో తేలికగా చేతబట్టెను. బహుశః నవ్వుకొనవచ్చునని తలచెను. అది అతనిని లొంగదీసి, మతవిషయమును గంభీరముగా ఆలోచింపజేసెను.

1737లో లండను చేరి, పత్రికలకు వ్రాసి పొట్ట పోసికొనుచుండెను. 1746లో పుస్తకవ్యాపారులు 1,575 పౌనులకు నిఘంటువు వ్రాయుమని ఒప్పందము చేసికొనిరి. ఇక్కడ అతని చదువు నడక మారెను. వాక్యమున ఒక్క పదము క్రింద గీతగీసి, దాని మొదటి అక్షరమును అంచున వ్రాయును. ఆరుగురు లేఖకులు ఆ వాక్యములను చీటీలపై నెత్తివ్రాయుదురు. ఎరువిచ్చిన పుస్తకములు గీతలతో తిరిగివచ్చుట చూచి సొంతదారులు ఏమనుకొనిరో గాని, 1755లో వెలువడిన ఆ రెండు సంపుటములలో 42,000కు పైగా పదములును, లక్షకు పైగా ఉదాహరణవాక్యములును చేరెను. రుచి కొరకు చదువుట వేరు, పదము కొరకు చదువుట వేరు. రెండును అతనికి చేతనైనవి.

వేగపఠనమువలన అతడు చేసిన ఉపకార మొకటి తెలుగువారికిని దక్కినది. 1762లో మిత్రుడైన గోల్డుస్మిత్తు ఇంటిబాడుగ చెల్లింపలేక చిక్కుపడి కబురంపెను. జాన్సను వచ్చి, మిత్రుని వ్రాతప్రతిని అక్కడికక్కడ పుటలు త్రిప్పి చూచి, దాని విలువ గుర్తెరిగి, వెంటనే కొనిపోయి 60 పౌనులకు అమ్మి ఋణము తీర్పించెను. అదియే 1766లో అచ్చయిన వికారు ఆఫ్ వేకుఫీల్డు. వీరేశలింగము పంతులుగారు 1878 మొదలుకొని ప్రకటించిన రాజశేఖరచరిత్రమునకు ప్రేరణ యొసగినది ఈ గ్రంథమే.

వార్ధక్యమునను ఈ ఆకలి తగ్గలేదు. చూపు చాలక కొవ్వొత్తికి దగ్గరగా వంగి చదువుటచే అతడు తలకు ధరించు కృత్రిమకేశముల ముందుభాగము మాడిపోవుచుండెను. థ్రేలుగారి ఇంట భోజనమునకు పోవునపుడు సేవకుడు వేరొకటి సిద్ధముగా నుంచి తొడిగించుచుండెడివాడు. 1778లో ఒక విందునాడు స్వీడను దేశపు విప్లవచరిత్ర అతని చేత చిక్కెను. పిలుపు రాగా దానిని విడువలేక, బల్లగుడ్డలో చుట్టి ఒడిలో నుంచుకొనియే భుజించెను.

1784వ సంవత్సరము డిసెంబరు 13వ తేదీన లండనులో మరణించి, వెస్టుమినిస్టరు దేవాలయమున సమాధి చేయబడెను. మరుసటి ఫిబ్రవరిలో అతని పుస్తకములు వేలము వేయబడెను. వేలము నాలుగుదినములు సాగెను.