బాలచంద్రుడు – మన ఈడువాడు

మాది నడికుడి. మీలో చాలామందికి అది రైలు జంక్షనుగానే తెలుసు. మా పల్నాటి పిల్లలకు మాత్రం ఊహ తెలిసేనాటికే బాలచంద్రుడు తెలుస్తాడు. కార్తీక అమావాస్యకు మా నాయన నన్ను కారెంపూడి వీరుల తిరునాళ్ళకు తీసుకుపోయేవాడు. పంబ మోగుతూ ఉంటే, వీరవిద్యవంతులు కత్తి పట్టి కథ పాడుతూ ఉంటే నాకు రోమాలు నిక్కబొడుచుకునేవి.

అది సుమారు 1182 నాటి యుద్ధం. గురజాల నలగామరాజు, మాచర్ల మలిదేవరాజు అన్నదమ్ములు. నలగాముని వైపు నాగమ్మ, మలిదేవుని వైపు బ్రహ్మనాయుడు. కోడిపోరులో ఓడి మాచర్లవాళ్ళు ఏడేళ్ళు వలసపోయారు. గడువు తీరి వచ్చినా రాజ్యం దక్కలేదు. రాయబారిగా వెళ్ళిన అలరాజును విషం పెట్టి చంపారు. ఇక మిగిలింది కారెంపూడి రణరంగమే.

బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుణ్ణి యుద్ధం జోలికి రానీయకుండా ఇంటిదగ్గరే ఉంచారు. బొంగరాలాడుతుంటే ఒక స్త్రీ కాలికి దెబ్బ తగిలింది. పెద్దలు పోరుకు పోతే నీకు ఆటలా అని ఆమె ఎత్తిపొడిచింది. ఆ ఒక్క మాట చాలింది. తల్లి ఐతమ్మ వారించినా వినలేదు. భార్య మాంచాల కత్తి ఇచ్చి సాగనంపింది. వెంట నడిచిన తమ్ముళ్ళు వేర్వేరు కులాలవాళ్ళు. వారిలో బ్రాహ్మణుడైన అనపోతును బతికించాలని బాలచంద్రుడు మిషపెట్టి వెనక్కి పంపాడు. సంగతి తెలిసి అనపోతు ప్రాణం తీసుకున్నాడు. కారెంపూడిలో పెద్దలు సంధి మాటల్లో ఉంటే, ఒప్పుకోక పోరు మొదలుపెట్టినవాడు బాలచంద్రుడే. అందులోనే ఒరిగిపోయాడు.

ఈ కథను శ్రీనాథుడు ద్విపదలో రాశాడంటారు. అక్కిరాజు ఉమాకాంతం గారు 1911లో అచ్చువేయించారు. అంతకుముందూ ఆ తర్వాతా దాన్ని ప్రాణంతో నిలిపింది మాత్రం ఆ పంబ పట్టిన గాయకులే.

పోయిన ఏడు హాస్టలు గొడవలో ఎవడో పిరికివాడన్నాడని నేనూ కర్ర ఎత్తాను. దెబ్బ తగిలింది నా స్నేహితుడికి. ఆ కార్తీకంలో మళ్ళీ కథ విన్నాను. ఈసారి చివరి ఘట్టం చెవిన పడింది. బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలం చేరాడు. నలగాముడికి బోసిపోయిన రాజ్యం మిగిలింది. పగలు పెంచిన పెద్దలు బతికే ఉన్నారు. పోయింది కుర్రాళ్ళు.

మిత్రులారా, బాలచంద్రుడి ధైర్యానికి నేటికీ దణ్ణం పెడతాను. కానీ ఎత్తిపొడుపు మాటకు కత్తి దూయడం ఒక్కటే మనం అతని దగ్గర నేర్చుకుంటే, కులం చూడకుండా అతని వెంట నడిచిన ఆ తమ్ముళ్ళను మరిచిపోయినట్టే.