జేమ్స్ ప్రెస్కాట్ జౌల్

జేమ్స్ ప్రెస్కాట్ జౌల్ (డిసెంబరు 24, 1818 - అక్టోబరు 11, 1889) ఇంగ్లండుకు చెందిన సుప్రసిద్ధ భౌతిక శాస్త్రవేత్త. వృత్తిరీత్యా బీరు తయారీదారు. ఉష్ణము, యాంత్రిక శక్తి పరస్పరం మారగలవనీ, ఆ మార్పిడికి ఒక స్థిరమైన విలువ ఉన్నదనీ ప్రయోగపూర్వకంగా నిరూపించినవారిలో ఈయన అగ్రగణ్యుడు. శక్తికి అంతర్జాతీయ ప్రమాణమైన జౌల్ ఈయన పేరు మీదనే ఏర్పడింది. ఆంగ్లంలో ఈ పేరును సాధారణంగా జూల్ అని పలుకుతారు గాని, తెలుగు పాఠ్యపుస్తకాలలో జౌల్ అనే రూపమే స్థిరపడింది. ఈయన ఏ విశ్వవిద్యాలయంలోనూ విద్యార్థిగా చదవలేదు, ఆచార్య పదవి నిర్వహించలేదు. తన ప్రయోగాలకు కావలసిన సాధనాలను చాలావరకు తానే రూపొందించుకున్నాడు.

బాల్యం, విద్యాభ్యాసం

జౌల్ మాంచెస్టరును ఆనుకొని ఉన్న సాల్ఫర్డ్ పట్టణంలో సంపన్న కుటుంబంలో జన్మించాడు. తండ్రి బెంజమిన్ జౌల్ బీరు కర్మాగారం యజమాని. తల్లి ఆలిస్ ప్రెస్కాట్. బాల్యంలో వెన్నెముక బలహీనత వల్ల పాఠశాలకు వెళ్ళక ఇంటివద్దనే చదువుకున్నాడు. 1834లో అన్నతో కలిసి, పరమాణు సిద్ధాంతకర్త జాన్ డాల్టన్ వద్ద శిష్యరికం ప్రారంభించాడు. డాల్టన్ ముందుగా అంకగణితం, రేఖాగణితం బోధించాడు. 1837లో గురువు పక్షవాతానికి గురికావడంతో ఆ చదువు ముగిసింది. కొలతకు లొంగనిదానిని నమ్మరాదనే పట్టుదల శిష్యునికి ఆయన వద్దనే అలవడిందనవచ్చు.

బీరు కర్మాగారంలో

జౌల్ కౌమారంలోనే తండ్రి కర్మాగారంలో పనికి కుదిరాడు. బీరు తయారీ మొదటినుండి చివరిదాకా వేడిమితో ముడిపడిన పని. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని మాల్టు అంటారు. దీనిని మరపట్టి సుమారు 65 డిగ్రీల సెల్సియస్ వేడిగల నీటిలో నానబెడితే అందులోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. వేడి బాగా ఎక్కువైతే ఆ మార్పు కలిగించే ఎంజైములు నశిస్తాయి, తక్కువైతే చక్కెర సరిగా దిగదు. వడకట్టిన ద్రవాన్ని హాప్స్ పువ్వులతో మరిగించి, తగినంత చల్లార్చిన పిమ్మటనే ఈస్టు కలపాలి.

పూర్వం ఈ పనులన్నీ చేతి స్పర్శతోనూ, కంటి అంచనాతోనూ సాగేవి. 18వ శతాబ్దపు ద్వితీయార్ధంలో ఉష్ణమాపకము, ద్రవంలోని చక్కెర సాంద్రతను తెలిపే శాకరోమీటరు బ్రిటిష్ బీరు కర్మాగారాలలో ప్రవేశించాయి. 1880 వరకు అక్కడ మాల్టుపై పన్ను ఉండేది. కనుక ప్రతి గింజనుండి సాధ్యమైనంత రాబట్టుకోవడం యజమానికి డబ్బుతో కూడిన వ్యవహారం. పలువురు పండితులకు లేని ఉష్ణమాపక పరిచయం ఈ యువకునికి నిత్యకృత్యంగా లభించింది.

చౌకైన యంత్రం కొరకు ప్రయత్నం

కర్మాగారంలోని ఆవిరి యంత్రం స్థానంలో చౌకగా నడిచే విద్యుత్ మోటారును అమర్చాలని జౌల్ ఆశించాడని చెబుతారు. 1838లో, అనగా 19 ఏళ్ళ వయసులో, తాను నిర్మించిన మోటారును గూర్చి తొలి వ్యాసం ప్రచురించాడు. విద్యుదయస్కాంతాలను మార్చి మార్చి చుట్టాడు. విద్యుత్ప్రవాహాన్ని కొలిచే గాల్వనోమీటరునూ స్వయంగా తయారుచేసుకున్నాడు.

అయితే లెక్క తిరగబడింది. 1841 నాటికి ఆయన తేల్చినదేమనగా, బ్యాటరీలో ఒక పౌండు జింకు కరిగితే లభించే పని సుమారు 3,31,000 పౌండ్ల బరువును ఒక అడుగు ఎత్తడానికి సరిపోతుంది. నాటి మేలైన కార్నిష్ ఆవిరి యంత్రమో, ఒక్క పౌండు బొగ్గుతో 15 లక్షల పౌండ్లను అంత ఎత్తు లేపేది. పైగా జింకు ధర బొగ్గు ధరకంటె ఎన్నోరెట్లు ఎక్కువ. మోటారు పథకం అంతటితో వీగిపోయింది.

నష్టమెక్కడ జరుగుతున్నదో వెదకడం మాత్రం ఆయన మానలేదు. గాజు గొట్టానికి తీగ చుట్టి, దానిని నీటిలో ముంచి, విద్యుత్తును పంపి నీటి వేడిని కొలిచాడు. తీగలో పుట్టే ఉష్ణం విద్యుత్ప్రవాహ వర్గానికి, నిరోధానికి అనులోమానుపాతంలో ఉంటుందని 1840లో కనుగొన్నాడు. నేడు ఉన్నత పాఠశాల విద్యార్థులు చదివే జౌల్ నియమం ఇదే.

తెడ్ల చక్రం ప్రయోగం

ఉష్ణమనేది కెలోరిక్ అనే ద్రవమనీ, దానిని పుట్టించలేమనీ నాడు పలువురు నమ్మేవారు. 1843లో కార్క్ నగరంలో జరిగిన బ్రిటిష్ అసోసియేషన్ సమావేశంలో జౌల్ ఇందుకు భిన్నమైన వాదాన్ని వినిపించగా సభ మౌనం వహించింది. 1844లో ఆయన వ్యాసాన్ని రాయల్ సొసైటీ తిరస్కరించింది.

జౌల్ వాదించడంకంటె పరికరాన్ని మెరుగుపరచడమే మార్గంగా ఎంచుకున్నాడు. రాగి పాత్రలో నీరు పోసి, అందులో ఇత్తడి తెడ్ల చక్రం అమర్చాడు. కప్పీలమీదుగా వ్రేలాడే రెండు సీసపు బరువులు దిగుతుంటే చక్రం తిరిగి నీటిని చిలుకుతుంది. 1850లో వెలువడిన వ్యాసం ప్రకారం ఒక్కొక్క బరువు సుమారు 29 పౌండ్లు, దిగే ఎత్తు సుమారు 63 అంగుళాలు. ఒక్కొక్క ప్రయోగంలో బరువులను 20 మార్లు పైకి చుట్టి వదలాలి. ఇంత శ్రమకు నీరు వేడెక్కేది సుమారు అర డిగ్రీ ఫారెన్‌హీట్ మాత్రమే. మనిషి దగ్గరగా నిలబడితే చాలు, ఆ లెక్క తారుమారవుతుంది. అందుచేత ఉష్ణోగ్రత మారని నేలమాళిగలో, తన శరీరపు వేడి తగలకుండా చెక్క తెర అడ్డుపెట్టుకొని ప్రయోగాలు చేశాడు. ఉష్ణమాపకాలను మాంచెస్టరు పరికరాల నిపుణుడు జాన్ బెంజమిన్ డాన్సర్ సహకారంతో సిద్ధం చేసుకున్నాడు. డిగ్రీలో 200వ వంతును కంటితో అంచనా వేయగలనని జౌల్ చెప్పుకోగా కొందరు శంకించారు. 1990లలో ఈ ప్రయోగాన్ని పునర్నిర్మించిన చరిత్రకారుడు ఒట్టో సిబుమ్, అది ఎంత కష్టసాధ్యమో స్వయంగా గ్రహించి, ఆ నైపుణ్యానికి బీరు తయారీలోని అలవాటే మూలమని భావించాడు.

ఒక పౌండు నీటిని ఒక ఫారెన్‌హీట్ డిగ్రీ వేడిచేయడానికి 772 అడుగు-పౌండ్ల పని కావాలని జౌల్ నిర్ణయించాడు. నేటి విలువ సుమారు 778. దోషం ఒక శాతం లోపే.

గుర్తింపు

1847లో ఆక్స్‌ఫర్డ్ సమావేశంలో 23 ఏళ్ళ విలియం థామ్సన్ (తరువాతి లార్డ్ కెల్విన్) ఈయన ప్రసంగాన్ని శ్రద్ధతో విన్నాడు. వెంటనే అంగీకరించలేదు గాని విడిచిపెట్టనూ లేదు. ఆ వేసవిలోనే అమేలియా గ్రైమ్స్‌ను వివాహమాడిన జౌల్, ఆల్ప్స్ విహారంలో ఉష్ణమాపకం చేతబట్టుకొని జలపాతపు నీటి వేడి కొలవబోయాడని థామ్సన్ తరువాత చెప్పిన కథ ప్రసిద్ధం. ఇందులో కొంత కల్పన ఉండవచ్చు. వీరిద్దరూ కలిసి, వ్యాకోచించే వాయువు చల్లబడడాన్ని గూర్చి చేసిన పరిశోధన జౌల్-థామ్సన్ ఫలితంగా పేరొందింది. జర్మన్ వైద్యుడు జూలియస్ మేయర్ 1842లోనే ఇటువంటి భావాన్ని ప్రకటించినందున, ప్రాథమ్యం ఎవరిదనే వివాదం చాలాకాలం నడిచింది. భావం ముందుగా వెలువరించిన ఘనత మేయరుది, కొలిచి నిలబెట్టిన ఘనత జౌల్‌ది అనడం న్యాయం.

జౌల్ 1850లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. 1870లో కోప్లీ పతకం పొందాడు.

చివరి రోజులు

1854లో భార్య మరణించింది. కర్మాగారం అమ్ముడైనదీ ఆ ఏడాదే. స్టోన్ పట్టణంలో జౌల్ పేరుతో నడిచిన బీరు సంస్థ వేరు, రెంటినీ ఒకటిగా భావించరాదు. సొంత డబ్బుతో పరిశోధనలు సాగించిన జౌల్‌కు చివరి కాలంలో ఆర్థిక ఇబ్బందులు ఎదురుకాగా, 1878లో ప్రభుత్వం ఏడాదికి 200 పౌండ్ల పింఛను మంజూరు చేసింది. అదే ఏడాది తెడ్ల చక్రం ప్రయోగాన్ని మరల చేసి 772.55 అనే విలువను ప్రకటించాడు. 1889లో సేల్ పట్టణంలో మరణించాడు. అక్కడి బ్రూక్‌లాండ్స్ శ్మశానవాటికలోని సమాధిపై ఈ సంఖ్యను చెక్కారు. మాంచెస్టరు టౌన్‌హాలులో ఈయన విగ్రహం గురువు డాల్టన్ విగ్రహానికి ఎదురుగా ఉంది.