సాత్‌తాల్ ఆశ్రమ పెద్ద: స్టాన్లీ జోన్సుగారి జీవితము

ధ్యాన భాగములు: మార్కు 6:30–32, అపొస్తలుల కార్యములు 3:1–10, 2 కొరింథీయులకు 4:16–18



వేసవి సెలవులు వచ్చినవంటే మన అనంతపురము సీమలోని సంఘములలో సందడియే. పిల్లలకు వి.బి.ఎస్., యౌవనస్థులకు శిబిరము, స్త్రీలకు ప్రత్యేక కూటములు. అరువది దాటినవారికి మాత్రము ఏమియు లేదు. వారు గుడిలో వెనుక గోడకు ఆనుకొని కూర్చుందురు. పిల్లల పాటలు విని సంతోషింతురు, ప్రసంగీకునికి మజ్జిగ తెచ్చి ఇత్తురు, ఇంటికి పోవుదురు. ఇంటిలోనైనను ఎవరున్నారు? సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు ఈ మెట్టభూమిలో వేరుశెనగను నమ్ముకొన్న కుటుంబములు నిలువలేక, కుమారులును కోడండ్రును బెంగళూరు చేరిరి. తాళపుచెవియు, రేషను కార్డును, మేకపిల్లయు ముసలివారి వంతు.

పెద్దలకును రెండు మూడు దినముల రిట్రీటు పెట్టవలెనని ఈ మధ్య కొందరు అడుగుచున్నారు. మంచి మాటయే. అయితే అది ఎట్లుండవలెను? ఉదయము ఒక ప్రసంగము, మధ్యాహ్నము మరియొకటి, రాత్రి ఇంకొకటి పెట్టి వారిని కునుకుపాట్లు పడనిచ్చుటయేనా? ఈ సంగతి ఆలోచించుచుండగా స్టాన్లీ జోన్సుగారు నా జ్ఞాపకమునకు వచ్చిరి. ఆయన పేరు మన పాత పాదిరిగార్లు ఎరుగుదురు. ఇప్పటివారికి అంతగా తెలియదు.

ఆయన 1884 జనవరి 3వ తేదీన అమెరికాలోని మేరీలాండు రాష్ట్రములో జన్మించెను. కెంటకీలోని ఆస్బరీ కళాశాలలో చదివి, మెథడిస్టు మిషనరీగా 1907లో మన దేశమునకు వచ్చెను. అప్పటికి ఆయన వయస్సు ఇరువదిమూడు. లక్నోలోని లాల్‌బాగ్ ఇంగ్లీషు సంఘమునకు పాదిరిగా మొదలిడి, తరువాత సీతాపురము చుట్టుపట్ల గ్రామసేవ చేసెను. 1911లో మేబెల్ లాసింగ్ అను మిషనరీని వివాహమాడెను. ఆమె సీతాపురములో మగపిల్లల పాఠశాలను అనేక సంవత్సరములు నడిపిన గట్టి స్త్రీ. భర్త ఊరూర తిరుగుచుండగా పాఠశాల భారమంతయు ఆమెయే మోసెను. ఆమె చరిత్ర వేరుగా వ్రాయదగినది.

ఎనిమిదేండ్లు తిరుగకముందే జోన్సుగారు కూలిపోయెను. జ్వరము కాదు, గాయము కాదు. నరములు పట్టు విడిచినవి. మాటలాడుచు మాటలాడుచు మధ్యలో ఆగిపోవును. సెలవు మీద స్వదేశమునకు పోయి విశ్రాంతి తీసికొని తిరిగి వచ్చెను. మరల కూలెను. కొండలమీదికి పోయి నెలల తరబడి ఉండెను. క్రిందికి దిగిన వెంటనే మరల అదే స్థితి. ముప్పది మూడు ఏండ్ల వయస్సునకే సేవ ముగిసినట్టు కనబడెను. ఇక పొలముపని చేసికొని బ్రదుకుదునా అని ఆలోచించినవాడు ఆయన. 1917 ప్రాంతమున లక్నోలోని ఒక కూటములో ప్రార్థించుచుండగా, ఈ పని నీ బలముతో చేయుచున్నావు, నాకు అప్పగించుము అని ప్రభువు తనను అడిగినట్టు ఆయన గ్రహించెను. అప్పగించెను. లేచినప్పుడు క్రొత్త మనిషి. అటుతరువాత ఏబది ఏండ్లకు పైగా దేశదేశములు తిరిగి, దినమునకు రెండు మూడు ప్రసంగములు చేసెను. తన కూలుబాటును ఆయన దాచలేదు. పుస్తకములలో వ్రాసెను, సభలలో చెప్పెను. 1950లో లక్నోలో నూర్ మంజిల్ అను మానసిక చికిత్సాలయము ఆయన చొరవతో వెలసెను. మనస్సు చెదరిన వారిని దయ్యము పట్టినవారని తరిమివేసెడి రోజులలో అది చిన్న సంగతి కాదు.

తరువాతి కథ అనేకులు ఎరిగినదే గనుక త్వరగా చెప్పెదను. విద్యావంతులైన హిందువులను, ముసల్మానులను, పారసీలను ఆయన బల్ల చుట్టు కూర్చుండబెట్టి, వాదము వద్దు, ఎవరి విశ్వాసము వారి జీవితములో ఏమి చేసెనో అది మాత్రము చెప్పుడని కోరెడివాడు. తన వంతు వచ్చినప్పుడు క్రీస్తును గూర్చి చెప్పెడివాడు. పాశ్చాత్య నాగరికతను గాని, ఏ మిషనును గాని వెనుకవేసికొని రాలేదు. 1925లో వ్రాసిన క్రైస్ట్ ఆఫ్ ది ఇండియన్ రోడ్ అను గ్రంథము ఆయనను లోకమంతట ప్రసిద్ధుని చేసెను. 1928లో అమెరికాలోని మెథడిస్టు మహాసభ ఆయనను బిషప్పుగా ఎన్నుకొనగా, అభిషేకమునకు ముందే ఆ పదవిని విడిచి సువార్తికుడుగా ఉండిపోయెను. పదవులకొరకు కోర్టులకెక్కు మన సంఘములలో ఈ సంగతిని రెండుసార్లు చదువుకొనవచ్చును.

ఇప్పుడు అసలు సంగతికి వచ్చుచున్నాను.

జోన్సుగారు శాంతినికేతనములోను, గాంధీగారి సబర్మతి ఆశ్రమములోను కొంతకాలము ఉండి చూచెను. అక్కడ మనుష్యులు కలిసి పని చేయుచు, కలిసి మౌనముగా ఉండుచు, కలిసి భుజించుచు సత్యమును వెదకుట ఆయన హృదయమును తాకెను. మన క్రైస్తవులు ఆదివారము ఒక గంట కూడుకొని విడిపోవుదురు, కుటుంబముగా జీవించుట లేదని ఆయనకు తోచెను. 1930లో హిమాలయ పాదమున, కుమావూను కొండలలో, సాత్‌తాల్ అను చోట ఒక పాత ఎస్టేటును సంపాదించి ఆశ్రమము ప్రారంభించెను. ఏడు సరస్సులు గల చోటు గనుక దానికి ఆ పేరు వచ్చెను. చుట్టు పైను, సింధూర వనములు. మన కరవు నేలలో చెరువు మట్టము చూచి దిగులుపడు వారికి ఆ పేరు వినుటయే చల్లగా ఉండును.

ఆయనతో కూడ ఈ పనికి పూనుకొన్నవారు ఇద్దరు. యూనస్ సిన్హా అను భారతీయ పాదిరిగారు ఒకరు. రెండవవారు ఎతెల్ టర్నర్ అను ఆంగ్లేయ స్త్రీ. ఈమె లండన్ మిషనులో సేవచేసి విశ్రాంతి పొందిన మిషనరీ. గుత్తిలోను అనంతపురములోను మన తాతల కాలమున సువార్త చెప్పిన మిషను అదియే గదా. పింఛను తీసికొని ఇంగ్లాండులో గులాబీతోట పెంచుకొనవలసిన వయస్సులో ఆమె ఒక క్రొత్త పనికి పునాది వేసెను. సాత్‌తాల్ ఆశ్రమము వృద్ధులకొరకు ప్రత్యేకముగా కట్టినది కాదు, నిజమే. కాని దాని పునాదిరాళ్లలో ఒకటి విశ్రాంతి పొందిన స్త్రీ అని మరువకూడదు.

ఆశ్రమపు రీతి ఇట్లుండెను. వేసవిలో నానా ప్రాంతములనుండి వచ్చినవారు కొన్ని వారములు కలిసి నివసింతురు. దేశీయ వస్త్రములు, దేశీయ భోజనము. డాక్టరు, రెవరెండు, బిషప్పు అను బిరుదులన్నియు వాకిట విడువవలెను. లోపల అందరు సహోదరుడు, సహోదరియే. ఆయన కూడ సహోదరుడు స్టాన్లీ మాత్రమే. ఉదయమున కొంతకాలము మౌనము. తరువాత బైబిలు ధ్యానము. దాని తరువాత అందరికిని చేతిపని: రాళ్లెత్తుట, బాటలు వేయుట, కూరలు తరుగుట. ఒకరిని గూర్చి లోలోపల సణుగుకొనరాదు. చెప్పవలసినది ఉంటే కుటుంబ కూటములో ఎదుట చెప్పవలెను. ఈ నియమము మన కమిటీలలో పెట్టినయెడల రిజిస్టరులో ఎందరు మిగులుదురో తెలియదు.

వారమునకు ఒక దినము పాకీ పనివారికి సెలవు. ఆ దినమున మరుగుదొడ్లు కడుగు పని ఆశ్రమవాసులదే. జోన్సుగారును దానికి వెలుపల లేడు. బ్రాహ్మణులలోనుండి వచ్చిన ఒక విశ్వాసి ఇది చూచి వెనుదీసెను. నీవు ఎప్పుడు చేయుదువని జోన్సుగారు అడుగగా, తాను మారుమనస్సు పొందినది నిజమే గాని అంతదూరము ఇంకను పొందలేదని ఆయన ఒప్పుకొనెనట. ఈ ముచ్చట జోన్సుగారే చెప్పుకొని నవ్వెడివాడు. మన గ్రామములలో ఏ పని ఏ వాడవారిదో పుట్టుకతో నిర్ణయించి తరతరములు బరువు మోయించిన సంగతి మనకు తెలియును గనుక, ఇందులో నవ్వు ఎంతయో నొప్పి ఎంతయో మనమే ఎరుగుదుము.

మొదట జరుగు కూటమునకు తెరచిన హృదయము అని పేరు. అందరు చుట్టు కూర్చుండగా మూడు ప్రశ్నలు: ఎందుకు వచ్చితివి? ఏమి కోరుచున్నావు? నిజముగా నీకు ఏమి అవసరము? పాదిరియు చెప్పవలెను, కూలివాడును చెప్పవలెను. కోరునది ఒకటి, అవసరమైనది మరియొకటి అని చెప్పుచుండగానే మనుష్యులకు తెలిసిపోయెడిది. శిష్యులు అలసిపోయి వచ్చినప్పుడు ప్రభువు వారిని ఏకాంత స్థలమునకు రమ్మన్నది మార్కు సువార్తలో చదువుదుము. వారు అక్కడికి పోకమునుపు తాము చేసినదంతయు ఆయనకు చెప్పుకొనిరి అని కూడ అక్కడనే ఉన్నది. పెద్దల కూడికలో ప్రసంగములు తగ్గించి ఈ చెప్పుకొనుటకు చోటివ్వవలెనని నా అభిప్రాయము. డెబ్బది ఏండ్లు బ్రదికిన మనిషిని ఆ బ్రదుకును గూర్చి ఎవరును అడుగకపోవుట కంటె పెద్ద కరవు ఏమున్నది?

1940లో ఈ ఆశ్రమ పద్ధతి అమెరికాలో మొదలై, తరువాత ఇతర దేశములకు వ్యాపించెను. అప్పుడు జోన్సుగారు అక్కడ చిక్కుపడియుండెను. మన స్వాతంత్ర్యమును బహిరంగముగా కోరినవాడు గనుక యుద్ధకాలములో తిరిగి వచ్చుటకు తెల్లదొరల ప్రభుత్వము ఆయనకు అనుమతి ఇయ్యలేదు. 1946లో గాని రాలేకపోయెను. గాంధీగారు హతులైన 1948లోనే ఆయన గాంధీగారిని గూర్చి ఒక గ్రంథము వ్రాసెను. అమెరికాలో నల్లవారి హక్కులకొరకు పోరాడిన మార్టిన్ లూథర్ కింగుగారు ఆ గ్రంథమువలన అహింసామార్గమునకు ప్రేరేపింపబడినట్టు తరువాత జోన్సుగారితో చెప్పెను. అమ్మకములో అది ఓడిన పుస్తకమని రచయిత అంతవరకు అనుకొనుచుండెను.

1968లో, ఎనుబది నాలుగవ ఏట, తన ఆత్మకథ ప్రచురించెను. అప్పటికిని సంచారము మానలేదు. ప్రతి దినము కొంత వ్యాయామము, కొంత వ్రాత, కొంత ప్రార్థన. ఈ ముసలాయనకు అలసట లేదని జనులు ఆశ్చర్యపడుచుండిరి.

1971 డిసెంబరులో అమెరికాలోని ఓక్లహోమా పట్టణమున ఒక రాత్రి పక్షవాతము ఆయనను పడగొట్టెను. ఎనుబది ఎనిమిదవ ఏడు నిండుటకు ఇంక కొన్ని దినములే ఉండెను. నడక పోయెను. మాట ముద్దయై అర్థము కాకుండ పోయెను. కన్ను మసకబారి అక్షరములు చదువలేకపోయెను. ఆయన ఆయుధములు ఆ మూడే గదా. ఏబది ఏండ్లుగా జయజీవితమును గూర్చి వేలకొలది జనులకు చెప్పినవాడు ఇప్పుడు మంచముమీద పండి, ఒక గ్లాసు నీళ్లు కావలెనన్నను ఇంకొకరికి విప్పి చెప్పవలసిన స్థితి. బోధించినది నిజమా కాదా అని చూచుటకు ఇక ఏ సభయు అక్కరలేదు. ఆ మంచమే చాలును.

ఆయన చేసినది వినుడి. అపొస్తలుల కార్యముల మూడవ అధ్యాయములో దేవాలయ ద్వారమునొద్ద కుంటివానికి పేతురు చెప్పిన ఆజ్ఞ మనకు తెలియును. ఆసుపత్రిలో తన గదికి వచ్చు ప్రతివారిని, వైద్యులను, నర్సులను కూడ, యేసు నామమున లేచి నడువుమని తనకు చెప్పుడని ఆయన బ్రతిమాలెను. కొందరు నర్సులు సిగ్గుపడుచునే చెప్పిరి. కుంటివాడు దిగ్గున లేచి గంతులు వేసినట్టు ఇక్కడ జరుగలేదు. ఈ సంగతిని నేను దాచను, ఆయన కూడ దాచలేదు. కష్టముతో, ఇతరుల సహాయముతో, ఒక్కొక్క అడుగు నేర్చుకొనెను. చంటిబిడ్డవలె మాటలు కూడగట్టుకొనెను. తాను పూనుకొన్న ఒక పుస్తకము అప్పటికి మిగిలియుండెను. దేవుని వాగ్దానములన్నియు క్రీస్తునందు ఔను అనునవై యున్నవని పౌలు కొరింథీయులకు వ్రాసిన మాట దాని ఆధారము. వ్రాయలేడు, చదువలేడు గనుక టేపు రికార్డరులో ఆ ముద్దమాటలతోనే చెప్పెను. వినువారు తిప్పలుపడి వ్రాసికొనిరి. పడిపోయిన మనిషి దేవుని ఔనును గూర్చి పుస్తకము చెప్పుట అందరికిని వింతగా తోచియుండును. ఆయనకు మాత్రము ఇది వాయిదా వేయదగిన పని కాదు.

1972 జూనులో యెరూషలేములో క్రైస్తవ ఆశ్రమముల లోకసభ జరుగగా, చక్రముల కుర్చీలో అక్కడికి చేరి మాటలాడెను. అక్కడనుండి ఎక్కడికి పోవలెను? కుమార్తెయు అల్లుడును అమెరికాలో ఉండిరి, మంచి ఆసుపత్రులును అక్కడనే. ఆయన ఇండియాకు, తన సాత్‌తాల్‌కు వచ్చెను. నలుబది రెండేండ్ల క్రిందట తాను ఇతరులతో కూడ రాళ్లెత్తి వేసిన బాటల మీద, ఇప్పుడు మనిషి ఆసరాతో దినదినము నడక అభ్యాసము చేసెను. ఇతరులకొరకు కట్టిన ఏకాంత స్థలము చివరకు ఆయనకే అక్కరకు వచ్చెను. అంతవరకు సేవచేసినవాడు అక్కడ సేవ చేయించుకొనుట నేర్చుకొనెను. మన పెద్దలలో అనేకులకు కష్టమైన పాఠము ఇదియే. ఒకరి చేయి పట్టుకొని మెట్లు దిగుటకంటె ఇంటిలోనే ఉండిపోవుదుమని గుడి మానుకొన్నవారు మన సంఘములలో ఎందరో ఉన్నారు.

చలికాలములో ఆయనను బరేలీలోని క్లారా స్వెయిన్ మిషను ఆసుపత్రికి చేర్చిరి. ఎనుబది తొమ్మిది ఏండ్లు నిండిన మూడు వారములకు, 1973 జనవరి 25వ తేదీన, అక్కడనే ప్రభువునందు నిద్రించెను. టేపులో చెప్పిన పుస్తకమును కుమార్తె యూనిసుగారును, ఆమె భర్త బిషప్పు మాథ్యూసుగారును సవరించి 1975లో అచ్చువేయించిరి. భార్య మేబెలమ్మగారు 1978 వరకు జీవించెను.

సాత్‌తాల్ ఆశ్రమము నేటికిని ఉన్నది. మనకు అంతదూరము పోవు శక్తి లేదు, సరస్సులును లేవు. ఒక గుడి ఆవరణ, రెండు వేపచెట్లు, కుండలో నీళ్లు, రాత్రి పండుకొనుటకు చాపలు, మెట్లకు ఒక చేతికఱ్ఱ, ఇవి ఉన్నవి. మొదటి సాయంకాలము అందరు చుట్టు కూర్చుండినప్పుడు, కదిరి వైపునుండి బస్సు దిగి వచ్చిన ఒక అవ్వను ఆ మూడు ప్రశ్నలు అడిగిన, ఆమె ఏమి చెప్పునో వినవలెనని నాకున్నది.