పేరు లేని డబ్బా

మాది కమలాపురం. గానుగాడించి శెనక్కాయ నూనె తీస్తాం. ఇన్నాళ్లూ పేరు లేని డబ్బాల్లో పోసి ఒక షావుకారికి ఏస్తాంటిమి. పోయినేడు అదే నూనె ఆయన పేరుతో, ఆయన బొమ్మతో సీసాల్లో కనపడింది. ధర మాకిచ్చినదానికి దగ్గర దగ్గర రెండింతలు. కడుపు మండింది. కానీ తప్పు మాదే. నూనె తీసినాం, పేరు పెట్టుకోలేదు.

ఆ పొద్దు నాకు గుర్తొచ్చినాయన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు. 1867లో కృష్ణా జిల్లాలో పుట్టినాడు. కలకత్తాలో మందుల యాపారం నేర్చుకున్యాడు. 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టినాడు. అప్పుడు టీవీ లేదు, ఫోను లేదు. మరి జనానికి ఎట్ల తెలిసింది? సంగీత కచేరీలకొచ్చినోళ్లకు ఉత్తపున్యానికే పంచిపెట్టినాడంట. రాసుకున్నోనికి నొప్పి తగ్గింది, పేరు గుర్తుండిపోయింది. మళ్లీ అంగడికి పోయినప్పుడు తలనొప్పి మందు అడగలా, అమృతాంజనం అడిగినాడు. బ్రాండంటే ఇంగేముంది? కొనేటోని నోట్లో మన పేరు పలకడమే.

ఆ దుడ్లు ఆయన దాచిపెట్టుకోలేదు. 1908లో బొంబాయిలోనే ఆంధ్రపత్రిక పెట్టినాడు, 1914లో మద్రాసులో దాన్ని దినపత్రిక చేసినాడు. పుస్తకాలకు, గ్రంథాలయాలకు, స్వాతంత్య్ర పోరాటానికి ఖర్చు పెట్టినాడు. జనం దేశోద్ధారక అని పిలుచుకున్యారు.

మన సీమోళ్లకు ఇంకో లెక్కుంది. నీళ్లు, రాజధాని, హైకోర్టు గురించి కోస్తా, సీమ నాయకులు 1937 నవంబరు 16న ఒప్పందం రాసుకున్నది మద్రాసులో ఆయన ఇంట్లోనే. ఆ ఇంటి పేరే శ్రీబాగ్. మరుసటేడు 1938లో ఆయన పోయినాడు. శ్రీబాగ్ మాట ఎంతవరకు నిలబడిందో మనకు తెలుసు. సీసా మీది మాట మాత్రం నూటముప్పై ఏండ్లు దాటినా అంగట్లో నిలబడే ఉంది. పేరంటే రంగుల కాగితం కాదు, నిలబెట్టుకునే మాట.

ఈ తూరి తిరునాళ్లలో మేం చిన్న సీసాలు ఊరికే పంచినాం. మా పేరు, ఊరి పేరు, ఆడించిన తేదీ, ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు అన్నీ ఏసినాం. వారం తిరక్కముందే ముగ్గురు కమలాపురం నూనె యాడ దొరుకుతాదని ఎతుక్కుంటా వచ్చినారు. ముగ్గురే. అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు, సంతోషానికి కొంత, భయానికి కొంత. ఇంగ ఒక్క తూరి కల్తీ చేసినా ముంచేది ఆ పేరే.

తమ్ముల్లారా, చెల్లెండ్లారా, మీది పసుపైనా, చీరైనా, కారం పొడైనా, ముందు పేరు పెట్టండి. మనం పెట్టకుంటే ఇంకొకడు పెడతాడు.