గున్‌పే యొకోయి

గున్‌పే యొకోయి (సెప్టెంబరు 10, 1941 - అక్టోబరు 4, 1997) జపాను దేశమునకు చెందిన ఇంజనీరు, ఆటబొమ్మల రూపకర్త. క్యోటో నగరములోని నింటెండో సంస్థలో 31 సంవత్సరాలు పనిచేసి గేమ్ అండ్ వాచ్, గేమ్ బాయ్ అను చేతి ఆట యంత్రములను ప్రపంచానికి అందించాడు. ఈయన చివరి రోజులలో రూపొందించిన వర్చువల్ బాయ్ అను యంత్రము మాత్రము ఘోరముగా విఫలమైనది. విడుదలైన ఏడాది లోపుననే దానిని మార్కెట్టు నుండి ఉపసంహరించారు. మూలబడిన ఆట యంత్రములను తిరిగి తీసుకురావచ్చునా అన్న చర్చ వచ్చినప్పుడల్లా ఈ యంత్రము పేరు, దానితోపాటు యొకోయి పేరు ప్రస్తావనకు వస్తాయి.

తెలుగునాట ఈయన పేరు తెలిసినవారు తక్కువ. అయినా 1990లలో శ్రీకాకుళము, విజయనగరము వంటి పట్టణములలో టీవీకి తగిలించే వీడియో గేమ్ ఆడినవారందరూ ఈయన కనిపెట్టిన ప్లస్ గుర్తు మీటను బొటనవేలితో నొక్కినవారే.

బాల్యము, ఉద్యోగ ప్రవేశము

యొకోయి క్యోటోలో జన్మించాడు. అదే నగరములోని దోషిషా విశ్వవిద్యాలయములో ఎలక్ట్రానిక్స్ చదివి పట్టభద్రుడైనాడు. 1965లో నింటెండోలో చేరాడు. 1889లో ఫుసజిరో యమవుచి స్థాపించిన ఈ సంస్థ అప్పటికి ప్రధానముగా పేకముక్కల తయారీదారు. పూల బొమ్మలతో ఉండే హనఫుదా అను జపాను పేకముక్కలు దాని మొదటి సరుకు. ఆ ముక్కలను తయారుచేసే యంత్రములు చెడిపోకుండా చూసుకొనుట యొకోయికి అప్పగించిన పని. పెద్ద ఆశలతో చేరదగిన ఉద్యోగము కాదది.

పని తక్కువ, తీరిక ఎక్కువ కావడముతో యొకోయి కార్ఖానాలోని పనిముట్లతో సరదాకు ఒక సాగే చేతిని తయారు చేసుకున్నాడు. మన దుకాణముల ముందు ఉండే మడత గేటు వలె కత్తెర పట్టీలను ఒకదానికొకటి బిగించిన పరికరము అది. పిడిని మూస్తే ముందుకు సాగి దూరపు వస్తువును పట్టుకుంటుంది. సంస్థ అధ్యక్షుడు హిరోషి యమవుచి దానిని చూసాడు. పనివేళలో ఆడుకుంటున్నందుకు చీవాట్లు తప్పవనుకున్న యొకోయిని పిలిచి, దానిని అమ్మకానికి తగిన బొమ్మగా తయారు చేయమన్నాడు. 1966లో 'అల్ట్రా హ్యాండ్' పేరుతో వచ్చిన ఆ బొమ్మ పది లక్షలకు పైగా అమ్ముడుపోయినది. యంత్రముల మరమ్మత్తు మనిషి ఆ విధముగా బొమ్మల రూపకర్త అయ్యాడు.

బొమ్మల కాలము

తరువాతి పదేళ్ళలో ఈయన తయారుచేసిన బొమ్మలు చాలా ఉన్నాయి. ఇంటి లోపల మెత్తని బంతులు విసిరే అల్ట్రా మెషిన్ (1967) బాగా అమ్ముడుపోయినది. 1969లో వచ్చిన లవ్ టెస్టర్ ఇంకా చిత్రమైనది. అబ్బాయి, అమ్మాయి చేయీ చేయీ పట్టుకొని చెరొక లోహపు గుండును పట్టుకుంటే వారి మధ్య ప్రేమ ఎంతో ముల్లు చూపిస్తుంది. నిజానికి ఆ ముల్లు కొలిచేది వారి శరీరముల గుండా పోయే అతి చిన్న విద్యుత్ ప్రవాహమునే. విద్యుత్ పాఠములో మొదటి రోజులలో నేర్చుకొనే సూత్రమును చేతులు పట్టుకొనే నెపముగా మార్చడములోనే యొకోయి పద్ధతి అంతా ఉన్నది.

షార్ప్ సంస్థ నుండి సౌర ఘటములను అమ్మడానికి వచ్చిన మసయుకి ఉయెమురాతో కలిసి ఈయన కాంతి తుపాకీ బొమ్మలు తయారు చేసాడు. తుపాకీ నుండి వెలువడే వెలుతురు గురి మీది ఘటముపై పడితే సీసా పగిలినట్లు ఎగిరిపడుతుంది. ఇదే సూత్రముతో 1973లో, బౌలింగ్ మోజు తగ్గి ఖాళీగా పడివున్న బౌలింగ్ శాలలను కాంతి తుపాకుల శిక్షణ కేంద్రములుగా మార్చారు. మూతబడిన ఆటస్థలమును మరొక ఆటకు వాడుకొనే ఆలోచన బాగానే ఉన్నా, అదే ఏడు వచ్చిన చమురు సంక్షోభములో ఆర్డర్లు రద్దయి నింటెండో అప్పులపాలైనది.

గేమ్ అండ్ వాచ్

బుల్లెట్ రైలులో ప్రయాణిస్తున్న ఒక ఉద్యోగి పొద్దుపోక కాలిక్యులేటరు మీటలు నొక్కుతూ ఉండడము యొకోయి కంటబడినది. పెద్దవారు కూడా నలుగురిలో సిగ్గుపడకుండా ఆడుకోగలిగే చిన్న యంత్రము ఉంటే బాగుంటుందని తోచినది. అధ్యక్షుని కారు డ్రైవరు సెలవులో ఉండగా ఒక రోజు యొకోయే కారు నడపవలసి వచ్చిందని, దారిలో ఈ ఆలోచనను చెప్పాడని, ఆనాటి సమావేశములో యమవుచి పక్కన కూర్చున్నది కాలిక్యులేటర్లు తయారుచేసే షార్ప్ సంస్థ అధిపతి అని చెబుతారు.

1980 ఏప్రిల్‌లో మొదటి గేమ్ అండ్ వాచ్ విడుదలైనది. కాలిక్యులేటరుకు వాడే తెర, చిప్పు, గుండీ సెల్లు తప్ప అందులో కొత్త వస్తువు లేదు. తెర మీద బొమ్మలు ముందే ముద్రించినట్లు ఉంటాయి. ఏది ఎప్పుడు వెలగాలో మాత్రమే చిప్పు నిర్ణయిస్తుంది. ఆట ఆడనప్పుడు గడియారముగా పనిచేస్తుంది. 1991 వరకు సాగిన ఈ వరుసలో ప్రపంచమంతటా 4 కోట్ల 34 లక్షల యంత్రములు అమ్ముడైనాయి. నింటెండో అప్పులు తీరినది దీనితోనే.

1982లో వచ్చిన డాంకీ కాంగ్ గేమ్ అండ్ వాచ్ కోసము యొకోయి ప్లస్ ఆకారపు మీటను కనిపెట్టాడు. అంతకు ముందు ఆట యంత్రములకు నిలువు కర్ర ఉండేది. జేబులో పట్టే యంత్రమునకు కర్ర పనికిరాదు. నాలుగు దిక్కులకూ ఒకే మీట, చూడకుండానే బొటనవేలికి దిక్కు తెలుస్తుంది. 1983లో ఉయెమురా రూపొందించిన ఫామికామ్ అను టీవీ ఆట యంత్రములోనూ దీనినే వాడారు.

ఆంధ్ర ప్రాంతములకు వచ్చినది ఈ ఫామికామ్‌కు నకళ్ళే. 1990లలో చౌకగా దొరికిన ఆ యంత్రములను మనవారు టీవీ గేమ్ అని, వాటిలో దోపే డబ్బీలను కేసెట్లు అని పిలిచేవారు. ఫ్యాన్సీ దుకాణములలో, తిరునాళ్ళ అంగళ్ళలో అమ్మిన బ్రిక్ గేమ్ బొమ్మ కూడా ఈ వంశములోనిదే. డబ్బా మీద 9999 ఆటలని వేసినా లోపల ఉండేది ఇటుకలు పేర్చే ఆట, దాని మార్పులు. ఉత్తరాంధ్రలో ఇంట్లో ఆట యంత్రము అంటే చాలామందికి మొదట తెలిసినది ఇవే. అసలు తయారీదారు పేరు వాటి మీద ఉండేది కాదు.

గేమ్ బాయ్

నింటెండోలో యొకోయి నడిపిన మొదటి పరిశోధన-అభివృద్ధి విభాగము నుండి మెట్రాయిడ్, కిడ్ ఇకారస్ (1986) వంటి ఆటలు వచ్చాయి. 1981 నాటి డాంకీ కాంగ్ ఆట తయారీలో యువకుడైన షిగెరు మియమోటోకు ఈయనే పర్యవేక్షకుడు. అయితే యొకోయికి శాశ్వత కీర్తి తెచ్చినది 1989 ఏప్రిల్ 21న విడుదలైన గేమ్ బాయ్. దీని రూపకల్పనలో సతోరు ఒకడ పాత్ర కూడా పెద్దది.

గేమ్ బాయ్ తెరకు రంగులు లేవు, వెనుక దీపము లేదు. పాచి రంగు తెర మీద నాలుగు ఛాయలు మాత్రమే. అదే కాలములో వచ్చిన అటారీ లింక్స్, సెగా గేమ్ గేర్‌లకు రంగుల తెరలు ఉన్నాయి. కాని అవి ఆరేసి సెల్లను కొద్ది గంటలలోనే మింగివేసేవి. గేమ్ బాయ్ నాలుగు సెల్లతో ఎన్నో రెట్లు ఎక్కువసేపు నడిచేది, ధరా తక్కువే. పాతబడి చౌకైన, గుణదోషములు అందరికీ తెలిసిపోయిన సాంకేతికతను తీసుకొని దానికి ఎవరూ ఊహించని కొత్త ఉపయోగము వెతకాలన్నది యొకోయి సిద్ధాంతము. దానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. అమెరికాలో యంత్రముతో పాటు ఇచ్చిన టెట్రిస్ ఆట పిల్లలనే గాక పెద్దలనూ ఆకర్షించినది. తరువాత వచ్చిన రంగుల నమూనాతో కలిపి 11 కోట్ల 86 లక్షలకు పైగా యంత్రములు అమ్ముడైనాయి. గల్ఫ్ యుద్ధములో కాలి పై డొప్ప కరిగిపోయినా పనిచేస్తున్న ఒక గేమ్ బాయ్‌ను నింటెండో తన న్యూయార్క్ దుకాణములో చాలాకాలము ప్రదర్శించినది.

వర్చువల్ బాయ్

అమెరికాలోని రిఫ్లెక్షన్ టెక్నాలజీ అను సంస్థ చూపించిన ఒక తెర యొకోయిని ఆకట్టుకున్నది. నిలువుగా పేర్చిన 224 ఎర్రని ఎల్.ఇ.డి. దీపముల వరుస ముందు ఒక చిన్న అద్దము అతివేగముగా కదులుతుంది. చీకటిలో కొరివిని గిరగిర తిప్పితే ఎర్రని వలయము కనిపించినట్లే, ఆ ఒక్క వరుస కంటికి నిండు తెరగా కనిపిస్తుంది. రెండు కళ్ళకు కొద్ది తేడాతో రెండు బొమ్మలు చూపితే లోతు భ్రమ కలుగుతుంది. ఎరుపునే ఎంచుకోవడానికి కారణము ఖర్చు, కరెంటు. నీలి ఎల్.ఇ.డి.లు అప్పుడప్పుడే వస్తున్న కాలమది.

1995 జూలై 21న జపానులో, ఆగస్టులో అమెరికాలో ఇది విడుదలైనది. తలకు తొడుగుకొనేది కాదు. బల్ల మీద కాళ్ళపై నిలబెట్టి, వంగి అందులో మొహము పెట్టి చూడాలి. మెడ నొప్పి, కళ్ళ మంట, తలనొప్పి గురించి ఫిర్యాదులు వచ్చాయి. ఏడేళ్ళ లోపు పిల్లలు వాడరాదని సంస్థే హెచ్చరించవలసి వచ్చినది. ఎదుటివారికి ఆట కనిపించదు కనుక దుకాణములో చూసి ముచ్చటపడే వీలు కూడా లేదు. సుమారు 7,70,000 యంత్రములు, 22 ఆటలు. 1995 చివరికి జపానులో, 1996 ఆరంభములో అమెరికాలో కథ ముగిసినది. ఐరోపాకు అసలు చేరనే లేదు. పాత సాంకేతికతకు కొత్త ఉపయోగము వెతకమన్న మనిషి, ఇంకా పరిపక్వము కాని సాంకేతికతను నమ్ముకొనడము ఇక్కడి వైచిత్రి.

రాజీనామా, మరణము

ఈ పరాజయానికి బాధ్యుడై అవమానముతో యొకోయి వెళ్ళిపోయాడని విస్తృతముగా ప్రచారములో ఉన్నది. ఇది సరి కాదు. యాభై ఏళ్ళు దాటిన తరువాత సొంతముగా పనిచేయాలన్న కోరిక తనకు ముందునుండే ఉన్నదని, వర్చువల్ బాయ్ కారణము కాదని ఈయన 1996లోనే ఒక జపాను పత్రికలో వివరించాడు. వెళ్ళేముందు సన్నని గేమ్ బాయ్ పాకెట్‌ను పూర్తిచేసి, 1996 ఆగస్టు 15న సంస్థను విడిచాడు. వెంటనే క్యోటోలో కోటో అను చిన్న సంస్థను స్థాపించి, బందాయ్ సంస్థ కోసము వండర్‌స్వాన్ అను చేతి ఆట యంత్రము రూపకల్పన ప్రారంభించాడు.

1997 అక్టోబరు 4న ఇషికావా రాష్ట్రములోని హొకురికు రహదారిపై ఈయన ప్రయాణిస్తున్న కారు ముందున్న లారీని ఢీకొన్నది. నష్టమును చూచుటకు కారు దిగిన యొకోయిని మరొక కారు ఢీకొనగా మరణించాడు. అప్పటికి వయస్సు 56 సంవత్సరాలు. వండర్‌స్వాన్ 1999 మార్చిలో విడుదలైనది. ఒకే ఒక్క సెల్లుతో ముప్పై గంటలకు పైగా నడిచే ఆ యంత్రముపై వచ్చిన ఒక పజిల్ ఆటకు ఈయన జ్ఞాపకార్థము 'గున్‌పే' అని పేరు పెట్టారు. 2003లో దాని ఉత్పత్తి కూడా ఆగిపోయినది. అదే ఏడు అంతర్జాతీయ గేమ్ డెవలపర్ల సంఘము ఈయనకు మరణానంతరము జీవిత సాఫల్య పురస్కారము ప్రకటించినది.

పునరుద్ధరణ ప్రయత్నములు

ఆగిపోయిన యంత్రమును తిరిగి తేవడము రెండు విధములుగా జరుగుతున్నది. లోపలి సర్క్యూట్ పనితీరును ఆధునిక చిప్పులో అనుకరించి పాత కేసెట్లనే వాడనిచ్చేది ఒకటి. 2021 చివరలో వచ్చిన అనలాగ్ పాకెట్ గేమ్ బాయ్ కేసెట్లకు ఈ పని చేస్తుంది. రెండవది, పాత యంత్రము రూపమును చిన్నదిగా చేసి ఆటలను లోపలే ఉంచి అమ్మడము. నింటెండో 2016లో ఫామికామ్ అమెరికా రూపమునకు ఇటువంటి బుల్లి నమూనా తెచ్చి, 2017లో ఆపివేసి, జనము అడగగా 2018లో మళ్ళీ తయారుచేసినది. విజయనగరము జిల్లా బొబ్బిలిలో వీణలు చెక్కే కుటుంబములకు పూర్తి వీణలతోపాటు బహుమతులుగా ఇచ్చే బుల్లి వీణలు ఆధారమైనట్లే ఇది కూడా. కాకపోతే బుల్లి వీణ అలంకారానికి, బుల్లి యంత్రము ఆడడానికి. 2020, 2021లలో గేమ్ అండ్ వాచ్ కూడా రంగుల తెరతో, మారియో, జెల్డా ఆటలతో పరిమితముగా తిరిగి వచ్చినది.

వర్చువల్ బాయ్ విషయము ఇంత సులభము కాదు. దాని దీపముల వరుసను, కదిలే అద్దమును వేరే ఏ ఆట యంత్రములోనూ వాడలేదు. మిగిలిన యంత్రములలో కూడా తెరకు వెళ్ళే పట్టీ తీగలను అతికించిన జిగురు ఏళ్ళు గడిచేకొద్దీ ఊడిపోయి బొమ్మ గీతలు గీతలుగా విరిగిపోతున్నది. అభిమానులు ఆ తీగలను తిరిగి టంకము పెట్టి బాగుచేసుకుంటున్నారు. మరమ్మత్తు చేతగానివారి వద్ద అవి అలంకార వస్తువులుగా మిగిలాయి.

2025 సెప్టెంబరులో నింటెండో తన స్విచ్ యంత్రముల ద్వారా వర్చువల్ బాయ్ ఆటలను తిరిగి అందిస్తామని, 2026 ఫిబ్రవరి 17 నుండి అవి లభిస్తాయని ప్రకటించినది. వాటి కోసము పాత యంత్రమును అచ్చముగా పోలిన, కాళ్ళ మీద నిలిచే ఎర్రని డొప్పను, చౌకలో ఒక అట్టముక్క నమూనాను కూడా చూపినది. ఆ డొప్పలో దీపముల వరుస, కదిలే అద్దము లేవు. స్విచ్ తెరను అందులో దోపి, కటకముల గుండా చూడాలి.